పెళ్లి కుండకు ఏ నీళ్లు

మద్దిగూడెం, కొంటా దగ్గర
12 ఫిబ్రవరి 2024

వినీతకు మీ వదిన వెంకమ్మ రాసేది,

కిరందుల్ బస్సు కండక్టరు దుర్గేశ్ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నా. కవరు గట్టిగా అంటించాను. అంటించిన చోట నలిగి ఉంటే నాకు రాయి, వాడి సంగతి చూస్తా. ఫోన్ చేద్దామంటే మా ఊళ్లో టవరుంది గానీ సిగ్నల్ లేదు. రోడ్డెక్కి మాట్లాడితే సంతకు పోయేవాళ్లంతా ఆగి మరీ వింటారు. మన ఇంటి మాటలు వాళ్లకెందుకు?

నీ మేనల్లుడు భానుప్రసాద్‌కు సంబంధం కుదిరింది. దోర్నపాల్ అవతలి ఊరు. పిల్ల పేరు సునీత, పన్నెండో తరగతి చదివింది. తండ్రి గంగా మంచి రైతు. మార్చి ఆఖరి ఆదివారం వాళ్ల పెద్దలు మన ఇంటికి వచ్చి మన బియ్యపు కల్లు లాందా తాగుతారు. మన దోర్ల కులం ఇళ్ల పద్ధతి నీకు కొత్త కాదు. మన కుండలో పొంగిన లాందాను దొప్పల్లో పోసిస్తే, తాగి బాగుందంటేనే పెళ్లిరోజు పెట్టుకుంటారు. బాగా లేకపోతే ఈ ఇంట్లో ఏదో ఉందని లేచిపోతారు. మన కళ్ల ముందే పొజ్జా ఇంటి నుంచి అలా లేచిపోయారు కదా. వాళ్ల పిల్లాడికి ఇప్పటికీ పెళ్లి కాలేదు.

అందుకే ముందుగా ఒక చిన్న కుండ వేసి చూశాను. బియ్యప్పిండిని ఆవిరి మీద ఉడికించాను. మొక్కజొన్న మొలకలు ఎండబెట్టి, దంచి, అందులో కలిపాను. బావి నీళ్లు పోసి, ఆకు కట్టి మూలన పెట్టాను. నేను పెళ్లై వచ్చినప్పటి నుంచీ చేస్తున్న పనే. ఎప్పుడైనా మూడోనాటికి బుసబుస పొంగేది. ఈసారి ఒక్క బుడగ లేదు. మరో కుండ వేశాను. అదీ అంతే. పైన పాచి కట్టి, కంపు కొట్టి, పశువులు కూడా మూతి తిప్పుకున్నాయి.

దసరాకు వచ్చినప్పుడు నువ్వు బావి గట్టు మీద ఒక్కదానివే చాలాసేపు కూర్చున్నావు. ఏమైనా జారవిడిచావా, దువ్వెనో, సబ్బో? ఊరికే అడుగుతున్నా, మరోలా అనుకోకు.

పెళ్లి కుండలో మొదటి నీళ్లు ఇంటి ఆడబిడ్డే పోయాలని నాకు తెలుసు. కానీ నీ చిన్నవాడికి పరీక్షలు కదా, అంత దూరం నుంచి నువ్వు అవస్థపడటం ఎందుకు? మీ చిన్నత్త చేత పోయిస్తాంలే. నువ్వు పెళ్లికి వస్తే చాలు.

వదిన


కిరందుల్
19 ఫిబ్రవరి

వదినకు,

కవరు నలగలేదు. నీ మాటలకు నా మనసే నలిగింది.

భాను సంబంధం సంగతి నీ ఉత్తరం కంటే ముందే దుర్గేశ్ చెప్పాడు. మేనత్తకు కండక్టరు చెప్పాలా? సంతోషంగా ఉన్నానని రాయాలనే కూర్చున్నా, ఉన్నాను కూడా. కానీ "అవస్థపడటం ఎందుకు" అన్న మాట దగ్గరే నా చూపు ఆగిపోతోంది. నా కొడుకు పరీక్షలు మార్చి మొదట్లోనే అయిపోతాయి. నన్నడిగితే చెప్పేదాన్ని.

సరే, కుండ సంగతి. నీకు తమ్ముడి వరసైన మా ఆయన రాజశేఖర్ ఇక్కడ గని కంపెనీ ఫిల్టర్‌ హౌస్‌లో నీళ్లే చూస్తారు కదా. ఉత్తరం చదివించాను. మొదట నీళ్లనే అనుమానించాలట. మొలకల పిండిలో ప్రాణం ఉంటుంది, నీళ్లలో మందుంటే అది చచ్చిపోతుందట. ఇక్కడ నల్లా నీళ్లతో నేను దోసెల పిండి కలిపినా ఒక్కోసారి పొంగదు. రాత్రంతా వెడల్పు గిన్నెలో పోసి ఉంచి, వాసన పోయాక కలుపుతాను.

మీ ఊళ్లో కొత్త నల్లా వచ్చిందన్నారు, ఆ నీళ్లా పోసింది? బోరింగు నీళ్లయితే ఇనుము ఎక్కువ, రంగు మారి చిరుచేదు వస్తుంది. బావి నీళ్లే అయితే, అందులో ఏమైనా వేస్తున్నావా? ఎవరైనా వేస్తున్నారా? చూడు.

ఒక సీసాలో బావి నీళ్లు పట్టి దుర్గేశ్‌తో పంపు. ఆయన దగ్గర చుక్కల మందు ఉంది. నీళ్లలో క్లోరిన్ ఉంటే రెండు చుక్కలు వేయగానే పసుపురంగు తిరుగుతాయి. లేకపోతే తెల్లగానే ఉంటాయి.

దసరాకు బావి దగ్గర నేను ఏమీ జారవిడవలేదు. మా అమ్మ నీళ్లు తోడిన గట్టు కాబట్టి కూర్చున్నాను.

వినీత


మద్దిగూడెం
26 ఫిబ్రవరి

వినీతకు,

"ఏమైనా వేస్తున్నావా" అని నన్నా అడిగేది? నా కొడుకు పెళ్లి కుండను నేనే పాడు చేసుకుంటానా? చదువుకున్న ఊళ్లో ఉన్నావు కదా, ఏది ఎలా అడగాలో తెలియదా?

నల్లా నీళ్లు పోయలేదు. పైపు వేసినవాడు వెళ్లిపోయాక అది మూడుసార్లు వచ్చింది, ఇప్పుడు దానికి మేకను కట్టేస్తున్నాం. బోరింగు ఎర్రటి నీళ్లు బట్టలకే పనికిరావు. మన బావి నీళ్లే పోశాను. మూడో కుండ కూడా పోయింది.

పక్కింటి హుంగే ఉంది కదా, మా ఊరి మితానిన్, అంటే అందరికీ మందులు పంచే మనిషి. ఆమె కుండ చూసి ఏమందో తెలుసా? "ఏంది వెంకమ్మా, మూడు కుండలు వరసబెట్టి పోతయా? సొంతింటి ఆడబిడ్డ మనసులో ఏదన్న పెట్టుకున్నదేమో చూసుకో" అంది. నేను తిట్టి పంపించాను. కానీ మాట మాత్రం పోలేదు, ఇంట్లోనే తిరుగుతోంది.

నిజం చెప్పు వినీతా. భానుకు మీ అమ్మాయి ఉమామహేశ్వరిని అడగలేదని నీకు కోపమా? మేనరికం మనలో మొదటి హక్కని నాకు తెలుసు. కానీ పిల్ల జగదల్‌పూర్‌లో నర్సు చదువు చదువుతోంది. వచ్చి మా నాట్లు వేస్తుందా? అందుకే అడగలేదు. చిన్నచూపు చూసి కాదు.

అడిగావు కాబట్టి సీసా పంపుతున్నా. మూత బిగించాను. దాంతో ఏం చేస్తారో అంతా నాకు రాయాలి. చూసిన తర్వాత మిగిలిన నీళ్లు పారబోయండి, ఇంట్లో ఉంచుకోవద్దు.

మీ అన్న నిన్ను అడిగానని రాయమన్నాడు. ఆయనకు ఈ గొడవలేవీ తెలియవు, తెలియనివ్వను.

వెంకమ్మ


కిరందుల్
4 మార్చి

వదినా,

సీసా అందింది. ఆయన నా ఎదుటే చుక్కలు వేశారు. నీళ్లు తెల్లగానే ఉన్నాయి. నమ్మకం లేక ఇంకోసారి వేయించాను. తెల్లగానే ఉన్నాయి. ఇంతకంటే మంచి నీళ్లు మా కాలనీలో కూడా రావని ఆయన అన్నారు. మిగిలినవి నువ్వు చెప్పినట్టే పారబోశాను. మంత్రాలు వేస్తాననుకున్నావా?

అంటే నీళ్లలో తప్పు లేదు. మొలకలు నువ్వే కట్టావు, పిండి నువ్వే దంచావు, నీ చెయ్యి ఎన్నడూ తప్పింది లేదు. మరి కుండ ఎందుకు పోయింది? అసలు పోయిందా? నాకు ఈ రెండు రోజులుగా ఇదే ఆలోచన. కుండ పోయిందనడం, దానికి ఆడబిడ్డ కోపం కారణమనడం, కాబట్టి ఆడబిడ్డ నీళ్లు పోయకూడదనడం. అన్నీ భలే కుదిరాయి. హుంగే పేరు పెట్టి నువ్వే అంటున్నావేమో.

ఇక ఉమ మాట. నీ ఉత్తరంలో ఆ భాగం దానికి ఫోన్‌లో చదివి వినిపించాను. నవ్వింది. "భాను బావనా? చిన్నప్పుడు నా జడకు జీడి పూసినోడు" అంది. దానికి ఆ ఆశ ఎప్పుడూ లేదు, నాకూ లేదు. మీరు ఒక్కమాట అడిగుంటే మేమే వద్దనేవాళ్లం. అడగకపోవడమే బాధ, ఒప్పుకుంటాను.

నేను ఆ ఇంట్లో పుట్టాను. ఆ ఇంటి పెళ్లి కుండలో నీళ్లు పోయడం నాకు సరదా కాదు. మా అమ్మ పోయింది, నాన్న పోయాడు. అక్కడ నాదంటూ మిగిలింది అదొక్కటే.

వినీత


మద్దిగూడెం
10 మార్చి

వినీతకు,

నేను అబద్ధమాడుతున్నానా? నాలుగో కుండ కూడా పోయింది. కావాలంటే ఈసారి సీసాలో అదే పట్టి పంపుతా, మూత తీసి వాసన చూడు. మీ కాలనీ అంతా ఖాళీ అవుతుంది.

దాచాలనుకున్నాను, నువ్వే చెప్పించావు. నిన్ను నీళ్లు పోయవద్దన్నది నేను కాదు. సంబంధం ఖాయమైన రోజు కుల పెద్ద సన్న మామ మన అరుగు మీదే అన్నాడు. "ఆంధ్రా మనిషిని చేసుకొని పోయింది గద, ఇంక ఆ పిల్ల మన ఇలవేల్పు కుండను ఎట్ల ముడతది? చిన్నత్తతో పోయించుర్రి" అన్నాడు. నీకు బాధ కలుగుతుందని పరీక్షల మాట రాశాను. మంచికి పోతే ఇదీ నాకు దక్కింది.

ఇప్పుడు నాకు ఎవరి మీదా నమ్మకం లేదు. బావికి రేకు మూత చేయించి తాళం వేశాను. తాళంచెవి నా కొంగున ఉంటుంది. మీ అన్న స్నానానికి కూడా నన్నే అడగాలి. మొన్న మూత మీద ఎవరిదో తడి అడుగు ఉంది. పొజ్జా పెళ్లాం మన ఇంటి వైపు చూసుకుంటూ పోయింది. వాళ్ల సంబంధం చెడినప్పటి నుంచి దానికి ఎవరింట పెళ్లన్నా కడుపుమంట.

అయినా నేనేం చేతులు కట్టుకొని కూర్చోలేదు. జనవరిలో పిల్లలకు విరేచనాలైనప్పుడు హుంగే ఊళ్లో బావులన్నిటిలో తెల్ల పౌడరు వేసింది. ఏ రోగమైనా చస్తుందంది. అది గుర్తొచ్చి, కుండ పోయినప్పుడల్లా ఆమె దగ్గర ఆ పౌడరు అడిగి తెచ్చి నా చేత్తోనే బావిలో వేస్తున్నాను. ఎవరు ఏం కలిపినా చచ్చి ఊరుకోవాలి. మొదట గ్లాసెడు వేశాను. ఇప్పుడు చెంబెడు వేస్తున్నాను. చూద్దాం, వాళ్లు గెలుస్తారో నేను గెలుస్తానో.

వెంకమ్మ


కిరందుల్
15 మార్చి

వదినా,

పౌడరు ఆపు. ఈ ఉత్తరం చదవడం ఆపి, ముందు ఆ పౌడరు తీసుకెళ్లి హుంగేకు ఇచ్చేయి.

నీ ఉత్తరం చూసి ఈయన తల పట్టుకున్నారు. అదే మందు వదినా. మా ఫిల్టర్‌ హౌస్‌లో కలిపేదీ, మొలకల పిండిని చంపేదీ అదే. తాగే నీళ్లలో చిటికెడు వేస్తే మంచిది. చెంబెడు వేస్తే లాందా కాదు కదా, బావిలో కప్ప కూడా బతకదు. జనవరిలో హుంగే వేసిన దానికి మొదటి కుండ పోయింది. ఎవరో ఏదో చేశారని నువ్వు మళ్లీ వేశావు, రెండోది పోయింది. ఇంకా వేశావు, ఇంకా పోయాయి. పొజ్జా పెళ్లాం పాపం ఏం చేసింది? దారిన పోయింది.

కానీ ఒక్కటి నాకు అంతుపట్టడం లేదు. అంత పౌడరు పడిన బావి నీళ్లయితే రెండు చుక్కలకే పసుపు కలిపినట్టు అయిపోవాలి. నువ్వు పంపిన సీసా తెల్లగా ఉంది. ఆ రోజు సీసా అడుగున సన్నటి ఇసుక కూడా చూశాను. బస్సులో దుమ్ము పడిందేమో అనుకున్నా. మన బావి అడుగున బండ కదా, ఇసుక ఎక్కడిది?

నువ్వు నాకు ఏ నీళ్లు పంపావు?

సన్న మామ మాట గురించి తరువాత రాస్తాను. ఇప్పుడు రాస్తే కాగితం చిరుగుతుంది.

వినీత


మద్దిగూడెం
20 మార్చి

వినీతకు,

పౌడరు ఇచ్చేశాను. హుంగే నవ్వింది. నవ్వనీ.

సీసా సంగతి. దాచి లాభం లేదు, ఇసుక పట్టించింది. అవి బావి నీళ్లు కావు. పొద్దున్నే సీసా తీసుకుని శబరి ఒడ్డుకు వెళ్లాను. రేవుకు పైన ఇసుకలో చేత్తో చెలమ తీసి, ఊరిన నీళ్లు తేటపడే దాకా కూర్చుని, పట్టి పంపాను.

ఎందుకంటే, నమ్మకం లేని చేతికి ఇంటి నీళ్లు ఇవ్వకూడదని మా అమ్మ చెప్పేది. ఇంటి నీళ్లు, పొయ్యిలో బూడిద, గడప మీది మట్టి, ఈ మూడూ బయటికి పోకూడదు. నువ్వు సీసా అడిగినప్పుడే హుంగే ఆ ఆడబిడ్డ మాట అంది. నా బుర్రలో పురుగు పడింది. మీరు ఆ నీళ్లతో ఏదో చేస్తారనిపించింది. రాజశేఖర్ తమ్ముడు దేవుడిలాంటి మనిషి. అయినా అనిపించింది. పంపకపోతే నువ్వు కోప్పడతావు, పంపితే నాకు భయం. అందుకని నది నీళ్లు పంపాను. నది ఎవరిదీ కాదు కదా, ఏం చేసుకున్నా నా ఇంటికి తగలదనుకున్నాను.

నీకు అబద్ధపు నీళ్లు పంపి, నువ్వు నన్ను అబద్ధమాడావన్నప్పుడు నేను ఎగిరిపడ్డాను. సిగ్గుగా ఉంది. ఇది రాస్తుంటే చెవులు కాలుతున్నాయి.

ఇంకా పది రోజులే ఉన్నాయి. బావి తోడించినా ఆ వాసన అప్పుడే పోదంటున్నాడు మీ అన్న. ఆయనకు ఇప్పుడు అంతా చెప్పేశాను. ఏం చేయాలో తోచడం లేదు. ఏ నీళ్లు పోయాలి?

వెంకమ్మ


కిరందుల్
24 మార్చి

వదినా,

ఏ నీళ్లు పోయాలని అడుగుతావేంటి? కిరందుల్ దాకా పంపించి పరీక్ష చేయించావు కదా! ఇంతకంటే మంచి నీళ్లు లేవని ఈయన చెప్పింది ఆ చెలమ నీళ్ల గురించే. నీ అనుమానమే మంచి నీళ్లను ఎంచిపెట్టింది. చదివి నేనూ ఉమా పగలబడి నవ్వాం. తరువాత నాకు ఏడుపొచ్చింది.

పశువులు దిగే రేవుకు పైనే తీయి. మొదట ఊరిన నీళ్లు చేదిపోసి, రెండోసారి ఊరినవి పట్టు. ఒకసారి కాచి, పూర్తిగా చల్లారాక పోయి. వేడి మీద పోస్తే మొలకల పని పోతుంది. అది నాకంటే నీకే బాగా తెలుసు. బుధవారం, గురువారం లోపు పోస్తే ఆదివారానికి అందుతుంది.

మొదటి నీళ్లు చిన్నత్త చేతే పోయించు. నేను రాను. ఇక్కడ రేపు హోలీ, కాలనీ అంతా హడావిడి, ఎవరికీ నా ముఖం చూసే తీరిక ఉండదు. పెళ్లికి వచ్చి అక్షింతలు వేసి వెళ్తాను.

సన్న మామ మాటకు నేను ఆశ్చర్యపోలేదు. ఆయన ఆ కాలం మనిషి. పెళ్లైనప్పుడు ఇంతకంటే పెద్ద మాటలే అన్నాడు. ఒక్కటి మాత్రం అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఆయన అరుగు మీద కూర్చుని ఆ మాట అన్నప్పుడు నువ్వు అక్కడే ఉన్నావు. నువ్వేమన్నావు?

జవాబు రాయాలని లేకపోతే రాయకు.

వినీత


మద్దిగూడెం
26 మార్చి, మంగళవారం

వినీతా,

దుర్గేశ్ బస్సు ఆపుకొని ఉన్నాడు, వాడిని ఆపించే రాస్తున్నా. హారన్ కొడితే కొట్టనీ.

నువ్వు అడిగినదానికి జవాబు. నేనేమీ అనలేదు. లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి సన్న మామకు ఇచ్చాను. అంతే. పైగా లోపల కొంచెం హాయిగా కూడా అనిపించింది. ఆడబిడ్డ వస్తే కుండ దగ్గర నేను పక్కకు జరగాలి కదా. ఇన్నేళ్లు పిండి దంచేది నేను, పొయ్యి ఊదేది నేను, మొదటి నీళ్లు పోసి పేరు తెచ్చుకునేది నువ్వా అని. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పను. చెలమ నీళ్లు అబద్ధం చెప్పనివ్వడం లేదు.

నిన్న నీ ఉత్తరం చదివి మీ అన్నను తీసుకుని సన్న మామ ఇంటికి పోయాను. "మామా, నాలుగు కుండలు నా చేత్తో నేనే చంపిన. ఎవ్వరూ ఏం చెయ్యలె. ఏ నీళ్లు మంచియో చెప్పింది నా ఆడబిడ్డ. పోసేది కూడా ఆమెనే" అన్నాను. ఆయన ఇలవేల్పు పేరెత్తాడు. "ఇలవేల్పుకు కోపమొస్తే నా మీద రమ్మను, నేను ఇంట్లనే ఉంట" అన్నాను. మీ అన్న మొట్టమొదటిసారి సన్న మామ ఎదుట నోరు తెరిచి, "మా చెల్లెనే పోస్తది" అన్నాడు. మామ గొణుక్కుంటూ లోపలికి పోయాడు. ఆదివారం వస్తానన్నాడో, రానన్నాడో వినపడలేదు.

ఇందాక పిండి ఉడికించాను. మొలకల పొడి కలిపి పెద్ద కుండలో వేశాను. భాను కావడితో చెలమ నీళ్లు తెచ్చాడు. కాచి, చల్లార్చి, పక్కన బిందెల్లో పెట్టాను. చిన్నత్త నీళ్లు పోయడానికి వచ్చింది, వక్కాకు ఇచ్చి పంపించేశాను. కుండలో ఒక్క చుక్క పోయలేదు, ఎవరినీ పోయనివ్వను. పిండి గురువారం దాటితే బూజు పడుతుంది, ఇంకో కుండకు మొలకలు కూడా లేవు. రేపు పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇక్కడుంటావు. నీ సీటు ఉంచమని దుర్గేశ్‌కు చెప్పాను.

నువ్వు రాకపోతే ఆదివారం వియ్యంకుల చేతుల్లో ఖాళీ దొప్పలు పెడతా. ఇదేందని అడిగితే, మా ఆడబిడ్డ రాలేదని చెప్తా.

వదిన